పచ్చి అద్దాలు

గురువారం పొద్దున గుణవన్ సారు వేలు పెట్టి చూడలేదు.

లింగమూర్తికి మొదట కళ్ళబడింది అదే. ఎనిమిది నెలలుగా ఆ మనిషి పొద్దున్నే చేసే పని ఒకటే. షెడ్డులోకి వస్తాడు. బల్లల మీద పడుకోబెట్టిన అద్దాల దగ్గర వంగుతాడు. అద్దానికీ దాని అల్యూమినియం చట్రానికీ మధ్య పోసిన నల్లటి గమ్ము మీద బొటనవేలు ఆనించి, నాడి పట్టిన వైద్యుడిలా కళ్ళు మూసుకుంటాడు. పక్కన అట్టముక్క మీద వేరుగా పోసి ఉంచిన గమ్ము తీగను బ్లేడుతో లేపి, తెగుతుందో సాగుతుందో లాగి చూస్తాడు. ఆ తర్వాతే ఎవరైనా అద్దం మీద చెయ్యి వెయ్యాలి. ఆ రోజు మాత్రం ఏడు బల్లల మధ్య నుంచి నడుచుకుంటూ పోయి, అవతలి రేకు గోడ ముందు నిలబడ్డాడు. రేకు గోడ మీద చూడ్డానికి ఏమీ లేదు.

"ఏందే మేస్త్రీ, సారుకు నిన్న జర ఎక్కువైనట్టుంది?" అన్నాడు కొమురయ్య.

"నోరు మూస్కోని పని చూడు."

కొమురయ్య ముఠాలో పాతకాపు. చేతులు ఎంత పని చేస్తాయో నోరు అంతకు రెండింతలు చేస్తుంది. ముఠా అంటే పదిమంది, అందరూ మాదాపూరు, కొండాపూరు మనుషులే. నిన్నమొన్నటి దాకా అక్కడి గుట్టల్లో బండలు కొట్టినవాళ్ళు, ఇప్పుడు ఆ బండలు పోయిన చోట అద్దాలు మోస్తున్నారు. గుండ్రటి పెద్ద బిల్డింగు లేస్తున్న చోటికి కాస్త ఇవతల, రోడ్డు పక్కనే ఒక ఐదంతస్తుల బిల్డింగు. దాని ముందువైపంతా అద్దాలు ఎక్కించడం వాళ్ళ పని. లింగమూర్తి వాళ్ళకు మేస్త్రీ. నాలుగో తరగతిలో బడి మానేసిన మనిషి. అంకెలు వస్తాయి, అక్షరాలు తడుముకుంటాడు.

అద్దాలు అమ్మిన బయటిదేశపు కంపెనీ, వాటిని సరిగ్గా బిగిస్తున్నారో లేదో చూడమని జకార్తా నుంచి పంపిన మనిషి గుణవన్. యాభై దాటిన వయసు, పొట్టి, చీనావాడి ముఖం. ఇండోనేషియా ఏ దిక్కున ఉందో ముఠాకు తెలియదు. పేరు మాత్రం మనదేనని, మొదటి రోజే అతన్ని 'గుణవంతుడు సారు' చేసేశారు. గుణం సంగతి తర్వాత బయటపడింది. గమ్ము పోశాక ఇరవై ఒక్క రోజులు అద్దాన్ని కదపనివ్వడు. ఇరవయ్యో రోజున కాళ్ళు పట్టుకున్నా కదపనివ్వడు. ముఠా చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఆ రూలు మీద అందరికీ కడుపుమంటే, లింగమూర్తికి మరీ మంట. "అద్దం గూడ బాలింతనేరా, ఇరవై ఒక్క దినాలు మంచం దిగొద్దు" అని వెటకారంగా మొదట అన్నది అతనే. ఆ మాట నిలిచిపోయింది. షెడ్డులో ఉన్నవన్నీ బాలింతలు. గమ్ము ఆరనివి పచ్చివి. గుణవన్ కూడా ఆ మాట పట్టుకుని, ఎవరైనా బల్లకు చెయ్యి ఆనిస్తే చాలు, "బాలింతా, బాలింతా" అని కేకలేసేవాడు. అర్థం తెలిసి అనేవాడో, కాదో.

పదకొండు గంటలకు ప్రాజెక్టు మేనేజరు శ్రీనివాసరావు మిఠాయి డబ్బాతో షెడ్డులోకి వచ్చాడు. ఆ వారం ఊరంతా మిఠాయిలే. రాజస్థాన్ ఎడారిలో సోమవారం మూడు బాంబులు, బుధవారం రెండు పేల్చారని పేపర్ల నిండా అదే గోల.

"తీసుకోండయ్యా, తీసుకోండి. ఇక మన జోలికి ఎవడొస్తాడో చూద్దాం. మిస్టర్ గుణవన్, స్వీట్!"

గుణవన్ లడ్డూ తీసుకున్నాడు, తినలేదు. దాన్ని అరచేతిలో పెట్టుకుని ఇంగ్లీషులో ఏదో అడిగాడు. శ్రీనివాసరావు గడియారం చూసుకుని, "ఆఫ్టర్ లంచ్" అని వెళ్ళిపోయాడు. లింగమూర్తికి అర్థమైంది 'ఫోను' అన్న ఒక్క మాట.

మధ్యాహ్నం అతను నీళ్ళ డ్రమ్ము దగ్గరికి పోతూ ఆఫీసు కిటికీలోంచి చూశాడు. గుణవన్ ఫోను చెవికి ఆనించుకుని నిలబడి ఉన్నాడు. మాట్లాడడం లేదు. పెదవులు కదులుతున్నాయి, అవతల ఎన్నిసార్లు మోగుతుందో లెక్కపెడుతున్నట్టు. పెట్టేశాడు. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ పెదవులు కదిలాయి.

"నిన్నట్నించీ వాళ్ళింట్లో ఎవరూ ఎత్తట్లేదు బాబాయ్" అంది భానుశ్రీ బయటికి వచ్చి. కూకట్‌పల్లి నుంచి వస్తుంది, ఆఫీసులో ఫోన్లూ కాగితాలూ చూస్తుంది. "వాళ్ళ ఊళ్ళో గొడవలంట. చీనావాళ్ళ కొట్లన్నీ తగలబెడుతున్నారంట."

"ఎందుకు బిడ్డా?"

"వాళ్ళ ప్రెసిడెంటు దిగిపోవాలని కాలేజీ పిల్లలు గొడవ మొదలెట్టారంట. పోలీసులు కాల్చారంట. దాంతో ఊరంతా..."

"ప్రెసిడెంటు చీనావాడా?"

"కాదంట."

"మరి ఈళ్ళ దుకాన్లు కాలపెట్టుడేంది?"

 లోపల ఫోను మోగితే భానుశ్రీ పరుగెత్తింది. అది జీడిమెట్ల నుంచి, బోల్టుల లారీ గురించి.

శుక్రవారం పేపర్లో లోపలి పేజీలో అరచేయంత ఫోటో వచ్చింది. నల్లటి పొగ, ఒక బజారు, బోర్లా పడిన కారు. గుణవన్ ఆ పేజీని మడిచి చొక్కా జేబులో పెట్టుకుని మేనేజరు గదిలోకి పోయాడు. కాసేపటికి లింగమూర్తికి కబురొచ్చింది.

శ్రీనివాసరావు గదిలో కూలరు రొద పెడుతోంది. గుణవన్ కూర్చోలేదు. బల్ల మీద రెండు వస్తువులున్నాయి. ఒకటి ఆకుపచ్చ అట్ట పాస్‌పోర్టు. పోలీసు రిజిస్ట్రేషన్ కోసమని వచ్చిన కొత్తలో తీసుకున్నది, మళ్ళీ ఇచ్చింది లేదు. రెండోది ఒక కాగితం, దాని మీద అద్దానికొకటి చొప్పున ఏడు గళ్ళు.

"రావయ్యా లింగమూర్తీ. బుధవారం అమెరికా కంపెనీవాళ్ళు బిల్డింగు చూడ్డానికొస్తున్నారు. నచ్చితే మూడంతస్తులు వాళ్ళవే. మెయిన్ డోర్ మీద ఆ ఏడు అద్దాలూ లేకుండా ఎలా చూపిస్తాం? నోరు తెరుచుకున్నట్టుంది బిల్డింగు. మంగళవారానికల్లా ఎక్కించెయ్యాలి."

"పచ్చివి సార్ అవి. తొమ్మిది, పది, పదకొండు దినాలు అయినయ్ అంతే."

"బుధవారానికి పద్నాలుగు, పదిహేను, పదహారు అవుతాయిగా! నువ్వే చెప్పు, పదహారుకీ ఇరవై ఒకటికీ తేడా ఏంటి? ఈ ఎండకి రాయి కూడా ఆరిపోద్ది."

లింగమూర్తి ఎనిమిది నెలలుగా అంటూ వచ్చిన మాటే అది. తన మాట తనకే ఎదురొచ్చింది.

"అదీ నిజమే సార్" అన్నాడు.

గుణవన్ అతనివైపు తిరిగి చూశాడు. తెలుగు రాకపోయినా గొంతు తెలుస్తుంది.

శ్రీనివాసరావు పాస్‌పోర్టును కాగితం పక్కకు జరిపి, దాని మీద అరచేయి ఉంచాడు. "సైన్ దిస్. టేక్ దిస్. గో హోమ్." గొంతులో కోపం లేదు. కూరగాయల బేరంలా చెప్పాడు. గుణవన్ సంతకం లేనిదే ఓనరు తరపు ఇంజినీరు అద్దాలను ఒప్పుకోడు. అది లింగమూర్తికి తెలుసు.

గుణవన్ పాస్‌పోర్టు వైపు చూశాడు. తర్వాత మెల్లగా, ఒక్కొక్క మాటే ఏరుకుంటూ ఏదో చెప్పి బయటికి వెళ్ళిపోయాడు.

"ఏమన్నడు సార్?"

"ఆ అద్దాల కింద నుంచి మనుషులు నడుస్తారంట." శ్రీనివాసరావు పాస్‌పోర్టును సొరుగులో వేసి తాళం తిప్పాడు. "అక్కడ సొంత మనుషులు ఏమయ్యారో తెలీదు గానీ, ఇక్కడ నడిచేవాళ్ళ మీద ఎంత బెంగో చూశావా?"

నవ్వాలి కాబోలని లింగమూర్తి మూతి కదిపాడు. నవ్వు రాలేదు. బయటికి వస్తే షెడ్డు నీడలో గుణవన్ ఏడో బల్ల కింద గోనెపట్టా సర్దుతున్నాడు. దాన్ని సర్దాల్సిన అవసరమేమీ లేదు.

కంపెనీ గుణవన్‌కు మాదాపూరు ఊళ్ళోనే మేడ మీద ఒక గది కిరాయికి తీసుకుంది. లింగమూర్తి ఇంటికి నాలుగిళ్ళ అవతల. తన బట్టలు తనే ఉతుక్కుంటాడు. పొద్దుగూకితే మెట్ల మీద కూర్చుని చిన్న రేడియో చెవి దగ్గర పెట్టుకుంటాడు. లింగమూర్తి భార్య భూలక్ష్మి దగ్గర శేరు చొప్పున ఎండుమిరపకాయలు తీసుకుపోయి, ఎండుచేపలతో కలిపి నూరి, వేయిస్తాడు. ఆ ఘాటుకు గల్లీ గల్లంతా దగ్గుతుంది. "మనకన్న కారపోడు దొరికిండు" అని భూలక్ష్మి తిట్టుకుంటూనే మరో గుప్పెడు ఎక్కువ వేసేది.

శనివారం సాయంత్రం ఆమె వాకిట్లో చాట పట్టుకుని కూర్చుని అంది, "గల్లీల దగ్గు లేక మూడు దినాలైంది. ఎరికేనా?"

లింగమూర్తి కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"గాయన పొయ్యి ముట్టిస్తలేడు. ఏమైందట ఇంటికాడ?"

"ఫోను ఎత్తుతలేరు. ఊరు తగలబడ్డదట."

"ఎంతమందట ఇంట్ల?"

"పెండ్లాం, బిడ్డ. ఫోటువ చూపించిండు ఒకనాడు. కింద దుకానం, మీద ఇల్లు."

"కింద దుకానం కాలితే మీద ఇల్లు నిలుస్తదా?"

"నాకేమెరికనే? కబురు తెల్వలేదు ఇంకా."

"కబురు చెప్పెటోళ్ళు ఉంటే గద, కబురు వచ్చుడు" అంది భూలక్ష్మి. చాటలో రాళ్ళు ఏరడం ఆపింది.

ఆదివారం సెలవు. పొద్దున లింగమూర్తి లేచేసరికి పెద్ద గిన్నెలో అన్నం ఉడుకుతోంది. పక్కన పెసరపప్పు. పప్పు దించింది, ఉప్పు వేసింది, మూత పెట్టేసింది. తాలింపు పెట్టలేదు. చావింటికి తీసుకుపోయే పప్పుకు తాలింపు పెట్టరు. లింగమూర్తి చూశాడు. అనాలని నోరు తెరిచాడు.

"పొయ్యి వెలగని ఇంటికి తీస్కపోయేది గిట్లనే" అంది ఆమె, అతను అనకముందే. "పోయిండ్రో, ఉన్నరో, ఆ దేవునికెరిక. మనిషైతే మూడు దినాల సంది ఉపాసమున్నడు. మనం ఇరుగుపొరుగు కాదా? నీకు పని నేర్పిన మనిషి గద."

"నాకు నేర్పేదేంది" అన్నాడు గానీ, మాట గట్టిగా రాలేదు.

అప్పటికే కొమురయ్య నోటికి పని దొరికింది. పేపర్లో ఫోటో చూసినవాడు అతనే, దుకాణం కాలిందన్నవాడు అతనే, పాపం ఇద్దరూ పోయారని ఇల్లిల్లూ తిరిగి చెప్పినవాడూ అతనే. పది గంటలకు ముఠా అంతా లింగమూర్తి వాకిట్లో ఉంది. తలస్నానాలు చేసి, మాట్లాడకుండా. ఇక వెళ్ళకుండా ఉండడం ఎలాగో లింగమూర్తికి తోచలేదు.

చెప్పులు మెట్ల కింద దూరంగా విడిచి, ఒకరి వెనక ఒకరు పైకెక్కారు. గుణవన్ బనీనుతో ఉన్నాడు. వాళ్ళను చూసి నవ్వాడు. గబగబా చాప తెచ్చి పరిచాడు. ఒక్కరూ చాప మీద కూర్చోలేదు. గోడ వెంబడి ఉత్త నేల మీద, మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నారు. భూలక్ష్మి కొంగు నెత్తి మీదికి లాక్కుని గిన్నెలు మూలన పెట్టింది.  కొమురయ్య మనిషి పోతే నిజంగానే ఏడ్చే రకం. తలగుడ్డ నోట్లో కుక్కుకున్నాడు.

గుణవన్ నవ్వు ముఖం మీద కాసేపు అలాగే ఉండిపోయింది, తియ్యడం మరిచిపోయినట్టు. ఒక్కొక్కరి ముఖమే చూసుకుంటూ వచ్చాడు. కొమురయ్య దగ్గర ఆగాడు. ఆ ఏడుపుకు అనువాదం అక్కర్లేదు.

"ఫోన్?" అన్నాడు. "ఆఫీస్... ఫోన్ ఆయా?"

అప్పుడు అర్థమైంది లింగమూర్తికి తాము చేసినదేమిటో. తమకు కబురొచ్చిందనీ, చెప్పడానికే వచ్చి చెప్పలేక కూర్చున్నారనీ అనుకుంటున్నాడు ఈ మనిషి. లేచి నిలబడ్డాడు. "నై సార్, నై. కుచ్ నై ఆయా. ఏం తెల్వదు మాకు. ఉత్తగ... అన్నం తెచ్చినం." చేతులతో అన్నం చూపించాడు, తినమని నోటివైపు చూపించాడు. ఎంత ఎక్కువ చెబితే అంత అబద్ధంలా వినిపిస్తోంది తనకే.

గుణవన్ చెప్పుల్లేని కాళ్ళతోనే మెట్లు దిగాడు. సైటు దాకా, మే నెల రోడ్డు మీద, ఒట్టి పాదాలతో నడిచాడో, పరుగెత్తాడో లింగమూర్తికి సరిగ్గా తెలియదు. అతని వెనక తను చెప్పులు తొడుక్కుని పరుగెత్తాడు. ఆఫీసుకు తాళం ఉంది. కాపలా పుల్లయ్య కుర్చీలోంచి లేచాడు.

"ఫోను మోగిందా తాతా ఇయాల?"

"మోగింది. రెండుసార్లు మోగింది, చానసేపు. తాళం చెవి నా దగ్గరుంటే గద బిడ్డా!"

దీనికీ అనువాదం అక్కర్లేకపోయింది. పుల్లయ్య రెండు వేళ్ళు చూపించాడు. గుణవన్ అద్దం తలుపుకు నుదురు ఆనించి, లోపల బల్ల మీది నల్ల ఫోను వైపు చూస్తూ నిలబడ్డాడు. లింగమూర్తి తన చెప్పులు విడిచి అతని కాళ్ళ పక్కన పెట్టాడు. అతను వేసుకోలేదు.

సోమవారం పొద్దున శ్రీనివాసరావు స్కూటరు రాకముందే గుణవన్ షెడ్డులో ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా తొడిగాడు, చేతిలో చిన్న సంచి. గడ్డం గీసుకున్నాడు, దవడ మీద తెగింది. లింగమూర్తిని చూసి గాలిలో సంతకం గీసి చూపించాడు. తర్వాత బల్లల వైపు చెయ్యి చూపించి, ఆ చెయ్యి అలా దించేశాడు. ఇంకేదో చెప్పబోయి తల వంచుకున్నాడు. ఎనిమిది నెలల్లో ఆ మనిషి తల వంచడం లింగమూర్తి అదే చూడటం. తనతో ఎన్నిసార్లు పని విప్పించి మళ్ళీ చేయించాడు ఈ మనిషి! ఒకసారి గోరంత గాలి బుడగ ఉందని నాలుగు అద్దాల గమ్ము గీకించాడు. ఆ రోజు వీడి తల ఇలా వంగితే చూడాలని లింగమూర్తి మొక్కుకున్నంత పని చేశాడు. ఇప్పుడు వంగింది. చూడబుద్ధి కాలేదు.

తప్పు తమది. తాలింపు లేని పప్పుతో తాము పోకపోతే ఈ మనిషి ఇంకో రెండు రోజులు నిలబడేవాడు.

"సార్" అన్నాడు. ఉర్దూలో సగం, సైగల్లో సగం చెప్పాడు. ముందు గుణవన్ లాగే గాలిలో సంతకం గీశాడు. "నువ్వు చెయ్యి. సైన్ కరో. పాస్‌పోర్టు లేలో. పో ఇంటికి." తర్వాత అద్దం ఎత్తుతున్నట్టు రెండు చేతులూ చాపాడు. అలా చాపిన చేతులు వెనక్కి తీసుకుని, ఛాతీ మీద కట్టుకున్నాడు. "మేం ఎత్తం. సంతకం నీది సార్. చేతులు మావి గద."

గుణవన్ ఆ కట్టుకున్న చేతుల వైపు చూశాడు. వెంటనే అర్థమైంది, కానీ నమ్మినట్టు లేదు.

"తుమ్హారా నౌక్రీ?" అన్నాడు.

"నా నౌక్రీ సంగతి నేను జూస్కుంట."

కొమురయ్య వెనక నుంచి, "మేస్త్రీ, మా నౌక్రీలు గూడ నువ్వే జూస్కుంటవా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. కొమురయ్య కూడా నవ్వలేదు. ముఖం తుడుచుకుని, వెళ్ళి సారు సంచి తీసుకున్నాడు.

పది గంటలకు సంతకమైంది, పాస్‌పోర్టు చేతికొచ్చింది. టికెట్ల మనిషి సింగపూర్ మీదుగా జకార్తాకు సీట్లకేం కొదవ లేదన్నాడట. అక్కణ్ణుంచి అందరూ పారిపోయి వస్తున్నారు, అక్కడికి పోయేవాడు ఈయనొక్కడే. ఆటో ఎక్కేటప్పుడు గుణవన్ ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. వెనక్కి తిరిగి, బిల్డింగు ముందువైపు ఖాళీగా ఉన్న చోటును ఒకసారి చూశాడు, అంతే. ఆటో గుండ్రటి బిల్డింగు మలుపు తిరిగింది.

మంగళవారం ఎనిమిదికల్లా శ్రీనివాసరావు షెడ్డులో ఉన్నాడు. చేతిలో సంతకం కాగితం.

"కానివ్వండయ్యా. ఒకటో నంబరు నుంచి మొదలెట్టండి."

లింగమూర్తి కదల్లేదు. "పచ్చిగ ఉన్నయ్ సార్."

"సంతకం అయిందయ్యా. ఇదిగో."

"కాయిదం ఆరింది సార్. గమ్ము ఆరలే."

ముఠాలో ఎవరో దగ్గారు. శ్రీనివాసరావు కాగితం దించాడు. "మొన్న నా గదిలో ఏమన్నావు? తేడా ఏం లేదన్నావా లేదా?"

"అన్న. తప్పన్న."

"ఇంజినీరింగు చదివావా నువ్వు?"

"లేదు సార్. నాలుగో తరగతి. గాని అది జారితే కింద నిలబడి ఉండేది నేనే."

"ఎత్తకపోతే మానెయ్యి. ముఠాలకి కరువా? జీడిమెట్ల నించి సాయంత్రానికి దింపిస్తాను."

"దింపుకోండ్రి. అద్దం ఎత్తే రబ్బరు కప్పులు పట్టే తరీక జర చెప్పుండ్రి వాళ్ళకు. ఒక్కటి పగిలినా మల్ల గుణవన్ సారు ఊరికెల్లే రావాలె అద్దం. ఆడ ఇప్పుడు దుకాన్లు ఉన్నయో లెవ్వో తెల్వదు."

శ్రీనివాసరావు ముఖం ఎర్రబడింది. కోపం కంటే లెక్క ఎక్కువ ఉన్న మనిషి. ఆ లెక్కలో పగిలిన అద్దం ఖరీదు వేసుకుంటున్నాడని కనిపిస్తూనే ఉంది. పదిమందినీ ఒక్కొక్కరినే అడిగాడు. "నువ్వెత్తుతావా? నువ్వు?" ఒక్కొక్కరే కింద కూర్చున్నారు. కొమురయ్య దగ్గరికి వచ్చేసరికి, "నాకు నడుము నొస్తుంది సార్, శుక్రవారం సంది" అన్నాడు. గేటు అవతలికి పొమ్మన్నాడు శ్రీనివాసరావు. పోయారు.

ఆ సాయంత్రం జీడిమెట్ల నుంచి ఇద్దరు మేస్త్రీలు వచ్చి చూసి, ఇది మా పని కాదని టీ తాగి పోయారట. బుధవారం పొద్దు పొడవకముందే శ్రీనివాసరావు స్కూటరు లింగమూర్తి వాకిట్లో ఆగింది. భూలక్ష్మి చెంబుతో నీళ్ళిస్తే తీసుకున్నాడు.

"గుడ్డ కడతావా?" అన్నాడు, చెంబులోకి చూస్తూ.

"ఏం గుడ్డ సార్?"

"స్వాగతం గుడ్డ. రాయించాను. ముందువైపు అంతా కప్పేస్తుంది. అంత ఎత్తున కట్టేవాడు దొరకలేదు."

"గుడ్డైతే కడతం" అన్నాడు లింగమూర్తి.

కట్టారు. ఎర్రగుడ్డ మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు, ఒక్కొక్కటీ మనిషంత. పైన నాలుగు చోట్ల, కింద నాలుగు చోట్ల తాళ్ళు లాగి, గాలికి ఉబ్బకుండా మధ్యలో ఇసుక మూటలు వేలాడగట్టారు. కిందికి దిగి చూస్తే ఖాళీ ఉన్నట్టే లేదు. ఎప్పటినుంచో అక్కడ గుడ్డే ఉండాల్సి ఉన్నట్టుంది.

పదకొండు గంటలకు నాలుగు తెల్ల కార్లు వచ్చాయి. ఇద్దరు తెల్లవాళ్ళు, ఐదుగురు మనవాళ్ళు దిగారు. దండలు వేశారు. దండలు వేయించుకుంటూనే వాళ్ళు నేల వైపు చూస్తూ నడిచారు, కంకర గుచ్చుకుంటుందేమోనని. ఒక్కడూ తలెత్తలేదు. ఇరవై నిమిషాల్లో బయటికి వచ్చేశారు. కార్లు నిలుపుకోవడానికి జాగా ఎంత ఉందని అడిగారట, జనరేటరు ఎన్ని గంటలు నడుస్తుందని అడిగారట. అద్దాల మాట ఎత్తలేదట. శ్రీనివాసరావు ముఖం వెలిగిపోతోంది. ఆరు గజాల గుడ్డలు నాలుగు కలిపి కుడితే పోయే పని అది. దానికి ఒక మనిషి పాస్‌పోర్టు నాలుగు రోజులు సొరుగులో ఉంది.

కార్లు పోయాక లింగమూర్తి మెట్ల మీద కూర్చుని బీడీ ముట్టించాడు. భానుశ్రీ లోపలి నుంచి వచ్చింది. చేతిలో మెలికలు తిరిగిన పొడుగాటి కాగితం.

"బాబాయ్, ఇది పొద్దున్నే వచ్చింది ఫ్యాక్సులో. సింగపూర్ నుంచి. మేనేజరు సార్‌కి చూపిస్తే పక్కన పడేశారు. మీ పేరుంది."

లింగమూర్తి బీడీ నేలకు రాశాడు. "చదువు."

"సోమవారం నేను పెట్టిన సంతకం చెల్లదు, అని రాశారు ముందు. తర్వాత... ఒకటో నంబరు, రెండో నంబరు, మే ఇరవై అయిదు. అంతకు ముందు ముట్టుకోవద్దు. మూడు, నాలుగు, మే ఇరవై ఆరు..."

"అది సరే బిడ్డా. ఇంకేమన్న..."

"ఉండండి బాబాయ్, వరసగా చదవనివ్వండి. అయిదు, ఆరు, ఏడు, మే ఇరవై ఏడు. బిగించేముందు గమ్ము తీగ లాగి చూడమని లింగమూర్తికి చెప్పండి, అతనికి తెలుసు. అని రాశారు." ఆమె కాగితం కిందికి జరిపింది. మెలిక విప్పి పట్టుకుంది. "మా కంపెనీ సింగపూర్ ఆఫీసువాళ్ళు ఆదివారం రెండుసార్లు ఫోన్ చేశారట, ఎవరూ ఎత్తలేదట. ఇల్లు లేదు. దుకాణం లేదు. భార్య, కూతురు సురబయ అనే ఊళ్ళో, మా అక్క ఇంట్లో ఉన్నారు. నిన్న మాట్లాడాను. రేపు వెళ్తున్నాను." ఆమె ఆగింది. "అంతే బాబాయ్."

కంకర లారీ ఒకటి రోడ్డు మీద పోయింది. ఎర్రగుడ్డ అంచు టపటపా కొట్టుకుంది.

"మల్ల ఒకసారి చదువు" అన్నాడు లింగమూర్తి.

"కిందదా?"

"కాదు. మీదది. ఏడో నంబరుది ఏ దినమన్నవు?"

"ఇరవై ఏడు."

అతను లేచి షెడ్డులోకి పోయాడు. ముఠా నీడలో పడుకుని ఉంది. కొమురయ్య మోచేతి మీద లేచి, "ఏమైందే?" అన్నాడు.

"ఉన్నరట" అన్నాడు లింగమూర్తి.

సుద్దముక్క వెతికి తీసుకుని ఒకటో బల్ల చెక్క మీద 25 అని రాశాడు. రెండో దాని మీద 25. మూడు, నాలుగింటి మీద 26. అంకెలు పెద్దవిగా, దూరం నుంచి ఎవడు వచ్చినా కనిపించేటట్టు రాస్తూ పోయాడు. ఏడో బల్ల దగ్గరికి వచ్చేసరికి ఏడు వంకరపోయింది. అరచేత్తో చెరిపేసి, కొంచెం ఆగి, మళ్ళీ రాశాడు.